రెండో సరే

లాయరమ్మ నోటి దురుసు వల్లనే ఆమె వదిన మొండికేసి కంటి మందు మానేసిందని షెడ్డులో కుట్టు మిషన్ల మీద పనిచేసేవాళ్లు అంటారు. అది నిజం కాదు. ఆమె గొంతు ఎండిపోయేలా చెప్పినా వదిన చెవిన పెట్టలేదని, చెప్పడం వరకే మన చేతిలో ఉంటుందని బంధువులు అంటారు. అదీ నిజం కాదు. ఆ చూపు ఎటూ పోవలసిందే, మందు వేసినా వేయకపోయినా పోయేదే అని వదినను ప్రతివారం సభకు తీసుకువెళ్లే మనుషులు అంటారు. ఈ మాటలో రవ్వంత నిజం ఉంది; దాని సంగతి తరువాత. ఇక లాయరమ్మ భర్త చెప్పేది వేరు. పెద్దదాని మనసు నొప్పించకూడదని తన భార్య నోరు కట్టేసుకుందని, అంతటి ఓర్పు తనకు కూడా లేదని అతడు చెబుతాడు. వీళ్లందరిలో మంచివాడు అతడే. ఎక్కువ పొరబడినవాడూ అతడే.

లాయరమ్మ ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు. ఆ పేరు షెడ్డులో భోజనాల బల్ల దగ్గర పుట్టింది. ఆమెతో మాట కలిపితే డబ్బాలో భోజనం చల్లారిపోతుంది గానీ ఆమె చల్లారదని ఎవరో అన్నారు. అది అలాగే నిలిచిపోయింది. ఆమె దానికి కోపగించుకోలేదు. పైగా కొంచెం ఇష్టపడింది.

షెడ్డులో తయారయ్యేవి సేఫ్టీ బెల్టులు. ఎత్తయిన కట్టడాల మీద అద్దాలు తుడిచేవాళ్లు, ఇనుప చట్రాలు బిగించేవాళ్లు భుజాలకు, నడుముకు, తొడలకు బిగించుకునే మందపాటి పట్టీలు అవి. ఒక పక్క వరసగా మిషన్లు. పెద్ద కిటికీ పక్కన గాజు పలక పరిచిన బల్ల, పలక కింద దీపం. ఆ బల్లకు చెరో వైపు వదినామరదళ్లు కూర్చునేవారు. వదిన అంటే లాయరమ్మ భర్తకు అక్క. ఈ కోడలు ఆ ఇంటికి రాకముందునుంచీ ఆవిడ ఆ బల్ల దగ్గరే ఉంది. కోడలిని పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆవిడే.

వాళ్ల పని ఇది. కుట్టిన బెల్టు ముందు వదిన చేతికి వస్తుంది. ఆవిడ పై వైపు కుట్లన్నిటి మీదుగా బొటనవేలి గోరు నడిపిస్తుంది. జారిన కుట్టు, వదులైన దారం, అంచు దాటిన సూది గోరుకు తగులుతాయి, కంటికి కనిపిస్తాయి. బాగుంటే "సరే" అని బెల్టును బల్ల మీద అవతలికి నెడుతుంది. లాయరమ్మ దాన్ని తిరగేసి, లోపలి వైపు మళ్లీ మొదటినుంచి చూసి "సరే" అనాలి, లేదా "కాదు" అని వెనక్కి నెట్టాలి. రెండో సరే పడితే బెల్టు బయటికి పోతుంది. ఇక దాన్ని మళ్లీ తిప్పి చూడకూడదు. అలా చూస్తూ కూర్చుంటే పని తెమలదు, మొదటిమనిషికి రెండోమనిషి మీద గురి నిలవదు. షెడ్డు పెట్టిన పాత యజమాని చేసిన ఏర్పాటు అది. అయితే మొదటిమనిషికి అనుమానం మిగిలితే ఒక్క ప్రశ్న అడిగే హక్కు ఉంది: "చూసి అన్నావా?" దానికి జవాబు "చూసే అన్నా." అంతటితో ఆ బెల్టు సంగతి ముగిసినట్టే. ఆ షెడ్డులో అన్నిటి మీదా వేళాకోళాలు నడిచేవి. మేస్త్రి బట్టతల మీద, ఒకరి గురక మీద, ఇంకొకరి పుట్టింటి గొప్పల మీద. ఆ ఒక్క జవాబు మీద మాత్రం ఎవరూ ఎన్నడూ వేళాకోళం ఆడలేదు. ఒకసారి ఒకామె చూడకుండా ఆ మాట అని దొరికిపోతే, మర్నాటినుంచి ఆమె స్టూలు ఖాళీ అయింది.

ఏళ్ల తరబడి రోజంతా అదే మాట నలిగితే అది ఇంటికి కూడా వస్తుంది. వాళ్లది ఒకే వాకిట్లో రెండు వాటాలు. ఒక దానిలో లాయరమ్మ కుటుంబం, రెండో దానిలో భర్త పోయిన వదిన ఒక్కతే. వదిన గోడకు రంగు ఎంచుకున్నా, మేనకోడలికి వచ్చిన సంబంధం గురించి ఆలోచించినా, చివరకు కొత్త చెప్పులు కొన్నా మరదల్ని పిలిచి చూపించేది. "సరే" అంటే కుదిరినట్టు. "కాదు" అంటే సాయంత్రం దాకా పోట్లాట, ఆ తరువాత చాలాసార్లు వదినే తగ్గేది. బయటివాళ్లకు ఇది కోడలి పెత్తనంలా కనిపించేది. వదినకు మాత్రం అలా అనిపించలేదు. తాను మొదట చూసే మనిషి, మరదలు రెండోసారి చూసే మనిషి. అంతకన్నా నమ్మకమైన ఏర్పాటు ఆవిడ ఎరగదు.

వాళ్లిద్దరి మధ్య ఎప్పటికీ తెగని వ్యవహారం ఒకటే. వదినకు మందుల మీద నమ్మకం లేదు. భర్త చివరి రోజులలో ఆసుపత్రిలో ఆవిడ చూసినవి సూదులు, సీసాలు, మాత్రల పొట్లాలే. మంచం పక్కన మందులు పెరిగిన కొద్దీ మనిషి తరిగిపోయాడు. ఆ రెండిటికీ ముడిపెట్టడం తర్కానికి నిలవకపోవచ్చు గాని, పక్కన కూర్చుని కళ్లారా చూసిన మనిషికి ఆ ముడి విప్పడం మాటలు కాదు. తరువాత ఆవిడ వారం వారం ఒక సభకు పోవడం మొదలుపెట్టింది. అక్కడ ఒక పెద్దమనిషి ప్రసంగిస్తాడు. శరీరానికి తన బాగు తనకే తెలుసని, మందు పోసి దాని పనికి అడ్డం పడకూడదని ఆయన మాట. లాయరమ్మ ఆయనకు గాలి డాక్టరు అని పేరు పెట్టింది.

ఆ దశలో వదిన కంటి పరీక్షకు వెళ్లవలసి వచ్చింది. బల్ల దగ్గర పనిచేసేవాళ్లందరినీ యాజమాన్యం పంపింది. తిరిగి వచ్చిన రోజు భోజనాల దగ్గర వదిన డబ్బా మూత తీస్తూ చెప్పింది.

"నీటికాసులట. నొప్పి లేదు, దురద లేదు, ఎరుపు లేదు. రోగం మాత్రం ఉందట. ఎక్కడుందమ్మా అంటే, ఉన్నా నీకు తెలియదు అంది డాక్టరు. రోజూ చుక్కలు వేసుకోవాలట, బతికినన్నాళ్లూ."

"తెలియకుండా వస్తుంది కాబట్టే భయం వదినా. ముందు పక్కచూపు పోతుందట. ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం కనిపిస్తూనే ఉంటుందట. పోయింది మళ్లీ రాదట."

"ఎదురుగా రోజంతా నువ్వే కదే కూర్చునేది. నువ్వు కనిపిస్తే చాలు. నిజానికి అదే ఎక్కువ."

బల్ల గొల్లుమంది. లాయరమ్మ కూడా నవ్వింది, కాని వదల్లేదు.

"మీ గాలి డాక్టరు కళ్లజోడు పెట్టుకుంటాడు కదా? శరీరానికి అన్నీ తెలిస్తే ఆయన ముక్కు మీద ఆ జోడు ఏం చేస్తోంది?"

"అది మందు కాదు, అద్దం. ఒంట్లోకి పోదు."

"చుక్కలు కంట్లోకే పోతాయి గానీ ఒంట్లోకి పోవుగా!"

"ఓహో. అందరికీ కన్ను ఒంట్లోనే ఉంటుంది, నీకు విడిగా సంచిలో పెట్టి ఇచ్చారు కాబోలు."

ఇలా నెలల తరబడి సాగింది. లాయరమ్మ చెప్పినవి దాదాపు అన్నీ నిజాలే. మందుల షాపులో అడిగి తెలుసుకునేది, తెలియనిదాన్ని తెలియదనేది. ఆమె వాదనలో అబద్ధాలు లేవు. లోపం ఇంకోచోట ఉంది. మాట విసిరాక ఆమె వదిన ముఖం చూసేది కాదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసేది. నవ్వు తన వైపు వచ్చిందా, వదిన వైపు పోయిందా అని లెక్క చూసుకునేది. వదిన మందు వేసుకుంటోందా లేదా అని ఒక్కసారి, ఒంటరిగా ఉన్నప్పుడు, మెల్లగా అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అడగలేదు. వేసుకోవడం లేదని ఆమె తీర్మానించేసుకుంది. అన్ని మాటలు అనే మనిషి మందు ఎందుకు వేసుకుంటుంది?

ఒకరోజు వాదన హద్దు దాటింది. ఆ రోజు నవ్వులన్నీ వదిన వైపే పడ్డాయి. లాయరమ్మ ముఖం ఎర్రబడింది.

"అన్నయ్యను మందులు చంపాయి అనుకుంటూ తిరుగుతున్నావు నువ్వు. మందుల వల్ల పోలేదు వదినా. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లినందుకు పోయాడు. ఎవరు ఆలస్యం చేశారో నీకు తెలుసు."

ఎవరూ నవ్వలేదు. వదిన డబ్బా మూత పెట్టి లేచి వెళ్లింది. ఆ సాయంత్రం బెల్టులు బల్ల మీద అటూ ఇటూ నడిచాయి. "సరే" అన్న మాట తప్ప వాళ్ల మధ్య మాట లేదు. మర్నాడూ అంతే. ఇంటి దగ్గర రెండు వాటాల మధ్య తలుపు మూసుకుంది.

మేస్త్రి లాయరమ్మను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, నువ్వు చెప్పేది రైటే. రైటయితే మాత్రం? ఎవరి నమ్మకం వాళ్లది. వదిలెయ్."

భర్త బడి బస్సు నడిపేవాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. అతడు ఆ రోజు అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"మా అక్క నన్ను ఎత్తుకు పెంచింది. ఆవిడ తలుపేసుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగదు. నీ వాదన నెగ్గితే మనకేమొస్తుంది చెప్పు?"

"ఆవిడ కళ్లు నిలుస్తాయండీ."

"నిలిచాయా? ఇన్నాళ్లు వాదించావుగా."

ఫలితం లేదని ఆమె కూడా నమ్మింది. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని, వాదనల్లో అంత పట్టుదలగా ఆధారం అడిగే మనిషి, తనను తాను అడగలేదు.

సెలవు రోజు ఉదయం వదిన వాకిట్లో తాడు మీద బట్టలు ఆరేస్తోంది. లాయరమ్మ వెళ్లి బకెట్టులోంచి ఒక దుప్పటి తీసి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని పిండి, దులిపి, తాడు మీద వేశారు.

"వదినా, ఆ రోజు అన్నయ్య సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది."

"ఎత్తావు. పడ్డాను. అది అయిపోయింది." వదిన ఇంకో బట్ట తీసుకుంది. "దాని సంగతి కాదు గానీ, ఒక మాట అడుగుతా, చెప్పు. ఇంతకాలం కాదు కాదు అంటూనే వచ్చావు. నేనూ ఆలోచిస్తూనే ఉన్నా. మందు అక్కర్లేదనే నాకు గట్టిగా అనిపిస్తోంది. నువ్వేమంటావు?"

లాయరమ్మ నాలుక చివర మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. తెలియకుండా వచ్చే గుడ్డితనం గురించి, తిరిగిరాని చూపు గురించి. వాటి వెనకే మూసిన తలుపు, అన్నం ముట్టని భర్త, మాట లేని భోజనాల బల్ల గుర్తుకొచ్చాయి. విసుగు వచ్చింది. ఈవిడకు చెప్పి లాభం లేదన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వెంట ఒక రకమైన హాయి కూడా వచ్చింది, బరువు దింపుకున్నట్టు.

"సరే వదినా. నువ్వనేదే సరి."

వదిన చేతిలో తడిబట్ట అలాగే ఆగింది. ఆవిడ మరదలి ముఖంలోకి నిదానంగా చూసింది.

"చూసి అన్నావా?"

ఇక్కడ లాయరమ్మ ఆగవలసింది. అడిగినది ఏ ప్రశ్నో ఆమెకు తెలియకపోలేదు. ఆ ప్రశ్న తన జీవితంలో ఎన్ని వేలసార్లు విన్నదో, ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఒక్క క్షణం తడబడింది కూడా.

"చూసే అన్నా."

వదిన ముఖం తేటపడింది. తన క్షమాపణ పనిచేసిందని లాయరమ్మ అనుకుంది.

ఆ తరువాత అంతా బాగున్నట్టే ఉంది. తలుపు తెరుచుకుంది. భర్త రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. భోజనాల దగ్గర మేస్త్రి, "ఏం లాయరమ్మా, ప్రాక్టీసు మానేశావా?" అంటే, "రిటైరయ్యాను మేస్త్రిగారూ, పెన్షనే రావాలి," అంది. మనిషి ఎంత మారిందో అని మిషన్ల వాళ్లు మెచ్చుకున్నారు. పెద్దరికం వచ్చిందన్నారు. ఆమె ఆ మెప్పును కాదనకుండా పుచ్చుకుంది.

మెప్పు వెనక జరిగింది కూడా చెప్పాలి. వదిన ఎప్పుడైనా సభలో విన్నది ఎత్తితే లాయరమ్మ "అవునవును వదినా, మరి!" అని తల ఊపి, పక్కన కూర్చున్నవాళ్ల వైపు కన్ను గీటేది. వాళ్లు పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకునేవారు. అంతకుముందు ఎంత గట్టిగా పోట్లాడినా ఆమె వదినను తనతో సమానమైన మనిషిగానే చూసింది. ఇప్పుడు చంటిపిల్లను ఆడించినట్టు ఆడిస్తోంది. ఆ కన్ను గీటడం వదిన చూడలేదు. అంత దగ్గర కూర్చున్న మనిషి ఎందుకు చూడలేకపోతోందో లాయరమ్మ ఆలోచించలేదు.

ఆలోచించడానికి ఇంకో కారణం కూడా ఆమె చేతుల్లోంచే నడిచిపోయింది. వదిన సరే అన్న బెల్టులలో అంచున జారిన కుట్లు కనిపించడం మొదలైంది. మొదట ఎప్పుడో ఒకటి, తరువాత తరచుగా. అలాంటప్పుడు "కాదు" అని వెనక్కి నెట్టడం పద్ధతి. లాయరమ్మ నెట్టలేదు. వదినను నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని వాటిని బల్ల కింది బుట్టలోకి చప్పుడు లేకుండా జారవిడిచి, సాయంత్రం మిషన్ల దగ్గర ఇచ్చేది. ఆమె పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది: చెడ్డ బెల్టు ఒక్కటి కూడా బయటికి పోలేదు. అలాగే ఎదుటి పక్షాన చెప్పవలసిందీ ఉంది: వదినకు తన చూపు తగ్గుతోందని తెలియజేయగలిగింది ఆ "కాదు" అన్న మాట ఒక్కటే. అదే ఆవిడకు అందకుండా పోయింది.

ఏడాది తిరగబోతుండగా, ఒక మధ్యాహ్నం దారపు ఉండల బండిని ఎవరో మిషన్ల వరస పక్కన ఆపారు. అందరూ దాన్ని తప్పుకుని పోతున్నారు. వదిన తిన్నగా నడిచి దాని కొసకు గుద్దుకుని బోర్లా పడింది. మణికట్టు బెణికింది. "అంత బండి కనిపించలేదా తల్లీ!" అన్నాడు మేస్త్రి లేవదీస్తూ. "అక్కడ బండి ఎక్కడుంది?" అంది వదిన. ఆవిడ పరాచికానికి అలా అందని అందరూ అనుకున్నారు. లాయరమ్మ మాత్రం వదిన కళ్లలోకి చూసింది.

చేతికి కట్టు కట్టించాక కంటి డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్లింది. అక్కడ ఒక గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టమన్నారు. లోపల చిన్న చిన్న వెలుగులు వస్తుంటే కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. లాయరమ్మ పక్కన నిలబడి చూసింది. వెలుగులు వస్తున్నాయి, పోతున్నాయి. వదిన వేలు మీట మీద కదలకుండా ఉంది. చాలాసేపటికి ఒకసారి నొక్కింది. మళ్లీ చాలాసేపు లేదు.

డాక్టరు పాత వివరాలు తిరగేసింది.

"పోయినసారి మీరు వచ్చినప్పుడు ఒత్తిడి అదుపులోనే ఉందమ్మా. మందు బాగా పనిచేసింది. ఎప్పుడు ఆపేశారు?"

"ఆవిడ అసలు వేసుకుంటేగా డాక్టరుగారూ," అంది లాయరమ్మ. "ఆ పోరు పడలేకనే కదా..."

"వేసుకునేదాన్ని," అంది వదిన.

డాక్టరు ఇద్దరినీ చూసి, చెప్పవలసింది చెప్పింది. ఎడమ కన్ను చాలామటుకు పోయింది. కుడి కన్ను ఎదుటిది చూస్తుంది, పక్కది చూడదు. ఉన్నది నిలవాలంటే మందు మొదలుపెట్టాలి. మందు వేస్తూ వచ్చినా కొందరికి కొంత తగ్గుతుందని, ఈ నష్టంలో ఎంత భాగం మందు ఆపడం వల్ల వచ్చిందో కచ్చితంగా తాను చెప్పలేనని, అయితే చాలా భాగం దానివల్లేనని తన అభిప్రాయమని కూడా చెప్పింది. సభ మనుషుల మాటలో రవ్వంత నిజం ఉందన్నది ఇంతవరకే.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మనుషులు చీటీలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నారు.

"ఎప్పుడు వేసుకునేదానివి వదినా? నేనెప్పుడూ చూడలేదు."

"నీకు చూపించి వేసుకుంటానా? నీ ముందు ఓడిపోతానా నేను?" వదిన కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "కూరలకు వెళ్లినప్పుడు కొనుక్కొచ్చేదాన్ని. డాక్టరుకూ ఒక్కదాన్నే వచ్చి చూపించుకున్నా."

"నమ్మకం లేకుండానే?"

"నాకు లేదే. మందు వద్దనే అనిపించేది. కానీ నువ్వు కాదంటున్నావుగా. మొదటిది నేను చూశా, సరే అన్నా. రెండోదానివి నువ్వు ఒప్పుకోలేదు. ఒప్పుకోని బెల్టును బయటికి పంపుతామా? అందుకని వేసుకుంటూ వచ్చా. ఎప్పటికైనా నీ చేత సరే అనిపించాలనుకున్నా, లేదంటే నువ్వే నన్ను ఒప్పించాలి. ఏదో ఒకటి తేలాలి కదా." వదిన ఆగింది. "ఆ రోజు బట్టలు ఆరేస్తుంటే సరే అన్నావు. ఊరికే అన్నావేమోనని అడిగా కూడా. చూసే అన్నా అన్నావు. ఆ రోజే సీసా పారేశా."

లాయరమ్మ కాళ్ల కింది పలకల మధ్య గీతల వైపు చూస్తూ కూర్చుంది.

"నిజంగా నమ్మే అన్నావు కదే?" అంది వదిన. గొంతులో అనుమానం లేదు. తోడు కావాలన్నట్టు అడిగింది. ఇద్దరమూ కలిసే పొరబడ్డామని ఒక్క మాట అంటే చాలు. అబద్ధం ఇంకొకటి పడితే సరిపోయేది. దాన్ని పట్టుకునే మనుషులు లోకంలో లేరు.

"లేదు వదినా."

"మరి?"

"పోట్లాట ఆగుతుందని అన్నా."

"చూడకుండా అన్నావు."

"చూడకుండా కూడా కాదు. కాదని తెలిసే అన్నా."

చీటీ పట్టుకున్న ఒక ముసలాయన వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఆవిడ ఆయనకు చోటు ఇవ్వడానికి జరగలేదు. ఆయన అటువైపు ఉన్నట్టు ఆవిడకు తెలియలేదు. లాయరమ్మ చెయ్యి పట్టి జరపబోయింది. వదిన చెయ్యి విడిపించుకుంది.

"ఎన్ని తిట్టావే నన్ను. పోయిన మనిషిని కూడా లాగి తిట్టావు. దానికి ఒక పూట ఏడ్చి ఊరుకున్నా. తిట్టినన్నాళ్లూ నేను నీకు లెక్కలో ఉన్న మనిషిని. ఇది మాత్రం నువ్వు నాకు చేసింది... ఇంత తక్కువగా చూస్తావనుకోలేదు." లేచి నిలబడింది. "ఆ చీటీ ఇటివ్వు. మందు కొనుక్కోవాలి."

"అయితే నమ్ముతున్నావా వదినా, మందు..."

"నా నమ్మకం సంగతి నీకెందుకు ఇప్పుడు? మందు వేసుకుంటా. అంతే."

వదినను తరువాత మూటలు కట్టే దగ్గర వేశారు. బల్లకు అవతలి స్టూలు మీదికి ఇంకొకామె వచ్చింది. లాయరమ్మ ఒకరోజు భోజనాల దగ్గర, వదిన లేని సమయం చూసి కాదు, ఆవిడ ఎదురుగానే, జరిగింది జరిగినట్టు చెప్పింది. అబద్ధపు సరే సంగతి, బుట్టలోకి జారవిడిచిన బెల్టుల సంగతి, కన్ను గీటడం కూడా. చెప్పాక ఎవరైనా ఛీ కొడతారని ఎదురుచూసింది. మిషన్ల వాళ్లలో పెద్దామె ఆమె వీపు నిమిరింది.

"అయ్యో పిచ్చిదానా, నీ మీద ఎందుకు వేసుకుంటావే! మంచికి పోయి అన్న మాటకు ఇంత బాధా?"

వదిన తలెత్తకుండా తింటోంది. భర్త కూడా ఇంట్లో అదే అన్నాడు. "మా అక్క మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావు, నాకు తెలుసు." ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. అతడికి కళ్లు చెమర్చాయి, భార్య మంచితనం చూసి. అప్పుడు ఆమెకు కలిగిన సిగ్గు ఆసుపత్రి వరండాలో కలిగినదాని కన్నా పెద్దది. ఎందుకంటే ఆ మెప్పు చెవిన పడగానే లోపల ఏదో ఒక మూల, చిన్నగా, హాయిగా అనిపించింది. అది ఆమె పసిగట్టింది.

వదినామరదళ్లు ఇప్పుడు మాట్లాడుకుంటారు. నీళ్లు వచ్చాయని, గ్యాసు బండ అయిపోయిందని, తమ్ముడికి జ్వరమని. సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు లాయరమ్మ వదినకు ఎడమ పక్కన నడుస్తుంది, వదిన వద్దనదు. కానీ వదిన ఆమెను ఏదీ అడగదు. మొన్న ఆ వాటా వదిలి వేరే గదికి మారాలా వద్దా అన్న ఆలోచన వచ్చినప్పుడు వెళ్లి మేస్త్రిని అడిగింది. మేస్త్రి "సరేనమ్మా" అంటే, చూసి అన్నావా అని ఆయనను అడగలేదు.

ఇక తీర్పు. లాయరమ్మ వాదించినందుకు నష్టం జరగలేదు. ఆ వాదన సాగినన్నాళ్లూ ఆ కళ్లలో మందు పడుతూనే ఉంది. వాదన మానుకోవడం కూడా నేరం కాదు. "నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు, కాని ఇక దీని గురించి మాట్లాడను" అని ఉంటే అది నిజాయితీగల మౌనం అయ్యేది, వదిన కళ్లలో చుక్కలు పడుతూ ఉండేవి. ఆమె ఓర్చుకోలేదు, తగ్గిపోలేదు, ఎవరి మనసూ కాపాడలేదు. తన మాట మీద గురి పెట్టి నిజం చెప్పమని అడిగిన మనిషికి, అబద్ధమని తెలిసి అబద్ధం చెప్పింది. విసిగిపోయి చెప్పింది. చెప్పాక ఆ మనిషిని చూసి నవ్వింది.